ఎనిమిది దగ్గర జీరబోయే గొంతు

చిరంజీవి గంటమ్మకు,

పిన్ని దీవెనలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావో లేదో మాత్రం ఈసారి నిజం రాయి. ఇన్నాళ్లూ రాసినవన్నీ నిజాలేనా అని నాకు మొన్న మంగళవారం నుంచి అనుమానం పట్టుకుంది.

సంగతేమిటంటే, ఎడమ కంట్లో శుక్లం ముదిరిందని కళ్ల ఆస్పత్రికి వెళ్లాను. హాల్లో అరవై మందిమి చీటీలు పట్టుకుని కూర్చున్నాం. ఇంతలో గోడమీది పెట్టెలోంచి "నలభై రెండో నంబరు, మూడో గదికి రండి" అని వినపడింది. నీ గొంతే! ఉన్నపళంగా లేచి "వస్తున్నానే గంటా!" అని కేక పెట్టాను. హాలు హాలంతా నావైపు తిరిగింది. నా చీటీ యాభై ఎనిమిది.

నర్సు పరుగెత్తుకొచ్చి కూర్చోబెట్టింది. "మా అక్క కూతురమ్మా, లోపల ఎక్కడ కూర్చుంది?" అన్నాను. "అది మిషను పెద్దమ్మా" అంది. మిషనుకు మా పిల్ల గొంతు ఎక్కడినుంచి వస్తుంది? పైగా "యాభై ఎనిమిది" అన్నప్పుడు ఎనిమిది దగ్గర గొంతు జీరబోయింది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెబుతూ ఏడో ఎక్కం దాకా గంట కొట్టినట్టు చెప్పి, ఎనిమిది రాగానే జీరబోయేదానివి. ఆ గంట గొంతుకే కదా నీకాపేరు పెట్టాం.

మీ అమ్మేమో పదకొండేళ్లుగా నువ్వు కంప్యూటర్ ఇంజనీరువని ఊరంతా టాంటాం వేస్తోంది. నువ్వేమో ఆస్పత్రిలో నంబర్లు పిలుస్తున్నావు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదే తల్లీ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఒక్క ఏళ్లు నంబర్లు అడిగి, తీగలు కలిపి బతికినదాన్ని, నేనెందుకు వెక్కిరిస్తాను? దాచడమే బాగాలేదు.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. డ్యూటీలో గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకో. హెడ్‌ఫోను ఒక చెవికే తగిలించుకోకు, మార్చుకుంటూ ఉండు. మార్చుకోకే కదా నా కుడి చెవి పోయింది, రిటైరైన రోజున మళ్లీ ఫోను ముట్టనని ఒట్టేసుకున్నాను. నీకీ ఉత్తరాల బాధంతా దానివల్లే.

•

పూజ్యురాలైన పిన్నికి,

గంట నమస్కారాలు. నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను.

నేను ఇంజనీరునే. ఆ నర్సు చెప్పిందీ నిజమే, అది మిషను. ఆ మిషను చేత పని చేయించేది నేను రాసిన ప్రోగ్రాము. ఎవరు ఎప్పుడొచ్చారు, ఏ గది ఖాళీ, ఎవరిని ముందు పిలవాలి, ముసలివాళ్లుంటే ఏం చెయ్యాలి, అంతా నా బుర్రలోంచి వచ్చిందే. తొమ్మిదేళ్ల క్రితం ఏడాదిన్నర కూర్చుని రాశాను. తీరా అంతా తయారయ్యాక మా పెద్దాయన, అంటే మా పైఅధికారి, "ఆడగొంతు పెడితే జనం గొడవ పడరు. అరగంట పని. నువ్వే చదివెయ్" అన్నారు. గొంతు మారుమోగకుండా సామాన్ల గదిలో గోడలకు పాత కోట్లు వేలాడదీసి, నాలుగు వందల పన్నెండు వాక్యాలు చదివించారు. అరగంట కాదు, మూడు రోజులు పట్టింది. ఇప్పుడు రెండు వందల ఆఫీసుల్లో జనం నా గొంతు విని లేస్తారు. నా పేరు మాత్రం ఎక్కడా లేదు.

మా విభాగంలో పన్నెండు మందిమి. ఆడదాన్ని నేనొక్కదాన్నే. మీటింగులో నేను నోరు తెరిస్తే అందరూ ఫోన్లు చూసుకుంటారు. నేను ముగించగానే ఒకడు అందుకుని "అంటే ఏంటంటే..." అని నేను చెప్పిందే మళ్లీ చెబుతాడు. అప్పుడు పెద్దాయన "భలే చెప్పావయ్యా!" అంటారు. వాడికి పని నేర్పింది నేనే. నేను వాడికి పెట్టుకున్న పేరే "అంటేఏంటంటే".

కానీ పిన్నీ, ఈసారి విభాగం పెద్ద కుర్చీ ఖాళీ అవుతోంది. వరసలో ముందున్నది నేనే. వచ్చే నెల ఇంటర్వ్యూ. పదకొండేళ్లుగా చేసిందానికి ఒక్కసారి నా పేరు పెట్టించుకోవాలనుంది, అంతే.

ఇట్లు,
నీ గంట

తా.క. ఎనిమిది సంగతి నువ్వు తప్ప ఎవరూ పట్టుకోలేదు. ఎనిమిదో ఎక్కమంటే నాకిప్పటికీ భయమే.

•

చిరంజీవి గంటమ్మకు,

పిన్ని ఆశీర్వచనాలు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. సగం అర్థమైంది, ఆ సగం నమ్మలేదు.

గురువారం ఆస్పత్రిలో నీ పిలుపు విని, అటునుంచి కరెంటు ఆఫీసుకు వెళ్లాను. అక్కడా నువ్వే! అక్కడినుంచి బస్సు ఎక్కుదామని వెళితే బస్టాండులో కూడా నువ్వే, "దయచేసి వరసలో నిలబడండి" అంటున్నావు. ఒక్క పూటలో మూడు చోట్లా! మా ఎక్స్ఛేంజీలో ఎంత కాకలు తీరిన ఆపరేటరైనా తీగలు కలిపే బోర్డులు ఒకేసారి మూడు చూడలేదు. మర్నాడు పట్టుదలగా గడియారం పెట్టుకుని ఆస్పత్రి హాల్లో కూర్చున్నాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నువ్వు ఒక్కసారి ఆపలేదు. తిండికి లేవలేదు. దగ్గలేదు.

నా కడుపు తరుక్కుపోయి ఆస్పత్రి సూపరింటెండెంటుకు ఫిర్యాదు రాసిచ్చాను. "మీ హాల్లో నంబర్లు పిలిచే అమ్మాయికి భోజన విరామం లేదు, దాహానికి నీళ్లు లేవు. ఆమె ఎవరు, ఆమె హోదా ఏమిటి, ఆమె చేత ఎన్ని గంటలు పని చేయిస్తున్నారు, పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయవలెను" అని. ముద్ర కొట్టించుకుని రసీదు కూడా తీసుకున్నాను.

ఇంటర్వ్యూకి ధైర్యంగా వెళ్లు. ఎవరేమన్నా తల దించకు.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. కుర్చీ మీద మరీ ఆశ పెట్టుకోకు. మా దగ్గర సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయితే ఇరవై ఏళ్ల అనుభవమున్న ఆడవాళ్లం ఆరుగురం ఉన్నాం. చివరికి మా గదిలో ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టారు. ఫ్యాను మాత్రం బాగుపడలేదు.

•

పిన్నికి,

నమస్కారాలు పెట్టే ఓపిక కూడా లేదు. ఎంత పని చేశావు!

నీ ఫిర్యాదును ఆస్పత్రివాళ్లు మా ఆఫీసుకు పంపారు. పెద్దాయన దాన్ని మీటింగులో పైకి చదివారు. "దాహానికి నీళ్లు లేవు" దగ్గర అంటేఏంటంటే బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. ఎవరో నా ముందుకు ఒక గ్లాసు నీళ్లు జరిపారు. దానికి జవాబు కూడా నాచేతే టైపు చేయించారు. కోపమొచ్చి ఉన్నదున్నట్టు కొట్టాను: "ఫిర్యాదులో పేర్కొన్న గొంతు మా సంస్థలో పదకొండేళ్లుగా ఇంజనీరుగా పనిచేస్తున్న ఫలానా ఆమెది. ఈ యంత్రపు ప్రోగ్రామును మొదటినుంచి చివరిదాకా తయారుచేసింది కూడా ఆమే" అని. ఫలానా అన్నచోట నా పేరే కొట్టాను. పెద్దాయన చదవకుండానే సంతకం పెట్టారు. నేను టైపు చేసినవేవీ ఆయన చదవరు. నీకూ ఒక నకలు వచ్చే ఉంటుంది. చూసి బుద్ధి తెచ్చుకో.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ మధ్యాహ్నమే ఇంటర్వ్యూ. ముగ్గురు కూర్చున్నారు. నా పని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. చివర్లో పెద్దాయన మెత్తగా అన్నారు, "నీ పనికి వంక పెట్టలేం. కానీ నీ గొంతు మరీ మృదువుగా ఉంటుందమ్మా. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్ల మాటకి పదిమందీ కదలాలి."

రెండు వందల ఆఫీసుల్లో జనం లేచేదీ కూర్చునేదీ నా మాటకేనండీ అందామనుకున్నాను. సగం అన్నాను కూడా. పక్కాయన మధ్యలో అందుకుని ఇంకేదో చెప్పాడు.

కుర్చీ అంటేఏంటంటేకి ఇచ్చారు. ఏడ్చాను పిన్నీ. ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఎవరూ వినకుండా ఏడ్చాను. సొమ్మొకడిది, సోకొకడిది.

గంట

తా.క. ఓదార్పుగా ఒక పని ఇచ్చారు. మనిషికి బదులు ఫోన్లు ఎత్తి, ఫోన్లు చేసి మాట్లాడే మిషను కొత్తగా పెడుతున్నారట, ఇంకో ఎనభై వాక్యాలు చదవమన్నారు. మళ్లీ అదే సామాన్ల గది, అవే కోట్లు. "మీ పిలుపు మాకెంతో విలువైనది" అని ఒకటి. "మీ సేవలు ఇంతటితో ముగిశాయి, ఇంతకాలం మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు" అని ఇంకొకటి. అది చందా కట్టనివాళ్ల కోసమట. కృతజ్ఞతలు అన్న మాట నవ్వుతూ చదవమన్నారు. నాలుగుసార్లు నవ్వించారు.

•

నా చిట్టి గంటకు,

పిన్ని రాస్తున్నది. బుద్ధి తెచ్చుకోమన్నావు, తెచ్చుకుంటున్నాను. కోపం తగ్గాకే ఇది చదువు.

నీకెప్పుడూ చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన ఆరో ఏట పక్క వీధిలో గిడ్డంగి అంటుకుంది. పొగ మా గదిలోకి వచ్చేసింది. అందరూ దిగిపోయారు. నేను బోర్డు దగ్గర పదకొండు గంటలు కూర్చున్నాను. ఫైరింజన్లు, ఆస్పత్రి, పోలీసులు, అన్ని తీగలూ కలిపింది నేనే. మర్నాడు పేపర్లో "టెలిఫోను శాఖ సమయస్ఫూర్తి" అని వచ్చింది. పతకం సూపర్‌వైజరు మెడలో వేశారు. ఆయన ఆ రోజు సెలవులో ఉన్నాడు. నన్నెవరైనా తలుచుకుంటే "ఏడో నంబరమ్మాయి" అనేవారు. ఆపరేటరు పేరు చెప్పకూడదని మాకు రూలు. బతికి బయటపడ్డవాళ్లు ఒకరిద్దరు ఫోను చేసి "నీ పేరేమిటమ్మా?" అని అడిగారు. నేను రూలు తప్పలేదు. ఇప్పటికీ దానికే ఏడుస్తాను.

మా దగ్గర ఇంకో రూలు ఉండేది. బోర్డు ముందు కూర్చునేముందు రిజిస్టరులో సంతకం పెట్టాలి. సంతకం లేని డ్యూటీ డ్యూటీయే కాదు. అందుకని ఒకటి అడుగుతాను, వెతికి చెప్పు. నీ గొంతు తీసుకునేటప్పుడు నీచేత ఏదైనా కాగితం మీద సంతకం పెట్టించుకున్నారా?

ఇట్లు,
పిన్ని

తా.క. నిన్న ఆస్పత్రి హాల్లో నువ్వు పిలుస్తుంటే పక్కావిడతో "ఈ పిల్ల మాటకి ఎవరూ కదలరటండీ" అన్నాను. ఆవిడ "అయ్యో, నాదే, పిలుస్తోంది" అని లేచి పరుగెత్తింది.

•

పిన్నికి,

నమస్కారాలు. సోమవారం పొద్దున ఆఫీసుకు తయారవుతుంటే ఫోను మోగింది. ఎత్తాను. నా గొంతే.

"నమస్కారం. మీ సేవలు ఇంతటితో ముగిశాయి. ఇంతకాలం మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు."

మొదట మిషనులో పొరపాటనుకున్నాను. పొరపాటుంటే సరిచెయ్యాల్సింది నేనే కదా అని గబగబా చెప్పులేసుకుని బయల్దేరాను కూడా. ఆఫీసు తలుపు దగ్గర నా కార్డు పనిచెయ్యలేదు. ఖర్చు తగ్గించుకోవడానికి సంస్థ మొత్తం మీద పంతొమ్మిది మందిని తీసేశారట. ఒక్కొక్కరికీ ఎదురుగా చెప్పడం కష్టమని అంటేఏంటంటే కొత్త మిషనుకు ఆ పని అప్పజెప్పాడు. పెద్ద కుర్చీలో వాడి మొదటి నిర్ణయం.

తలుపు బయట నిలబడి, నా ఫోనులో రికార్డైన ఆ మాటను మూడుసార్లు విన్నాను. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? కృతజ్ఞతల ముందు ఇంకాస్త ఆగి ఉండాల్సిందని. పదకొండేళ్లు పని చేస్తే మనిషి ఇలా తయారవుతుంది.

మిగతా పద్దెనిమిది మందికి నేనే చెప్పాను పిన్నీ. నవ్వుతూ చెప్పాను.

గంట

తా.క. నువ్వడిగిన కాగితం గురించి. ఇల్లంతా వెతికాను. లేదు. ఉద్యోగంలో చేరినప్పటి కాగితాల్లో గొంతు అన్న మాటే లేదు. అప్పుడడిగితే పెద్దాయన "అరగంట పనికి కాగితాలెందుకమ్మా" అన్నారు.

•

గంటమ్మకు,

దీవెనలు. తిండి మానకు. ఇందులో పెట్టిన కాగితం మీద గుర్తున్న చోట సంతకం పెట్టి తిరుగు టపాలో పంపు. మా కింది వాటాలో వకీలమ్మ ఉందని చెప్పాను కదా, రోజూ మెట్ల మీద చెప్పులు వదిలేస్తుందని నేను పోట్లాడే మనిషి, ఆవిడే రాసింది. ఏమిటి, ఎందుకు అని అడగకు. మీ ఆఫీసువాళ్లేదైనా కాగితం తెస్తే మాత్రం సంతకం పెట్టకు.

పిన్ని

తా.క. చెప్పుల గొడవ ప్రస్తుతానికి వాయిదా వేశాను.

•

పిన్నికి నమస్కారాలు.

సంతకం పెట్టిన కాగితం తిరుగు టపాలోనే పంపాను కదా. నాకు నమ్మకం మాత్రం లేదు.

ఉద్యోగాల కోసం ఎనిమిది ఆఫీసులకు ఫోను చేశాను. ఐదు చోట్ల నా గొంతే ఎత్తింది. "మీ పిలుపు మాకెంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి" అంటుంది. వేచి ఉంటాను. నాకు తెలుసు, ఆ వాక్యం తర్వాత పాట తప్ప ఇంకేమీ రాదు, ఆ పాట ఎంత సేపు పెట్టాలో రాసింది నేనే. ఒకచోట పిలిచారు. "పదకొండేళ్లు ఏం చేశారు?" అన్నారు. చెప్పాను. "దానికి మీ పేరున ఏదైనా ఉందా?" అన్నారు. అన్నిటి మీదా విభాగం పేరే ఉంది. ఇప్పుడు ఆ విభాగమంటే అంటేఏంటంటే.

మీ వకీలమ్మ నోటీసు అందినట్టుంది. నిన్న పెద్దాయన కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చారు. పదకొండేళ్లలో మొదటిసారి నా పేరు పూర్తిగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాయించుకొచ్చారు. నా గొంతు శాశ్వతంగా సంస్థదేనని ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాలట. పెట్టనన్నాను. వెంటనే ఆయన గొంతు మారింది.

"అయినా అది నీ గొంతని ఎవరన్నారు? అది కంప్యూటర్ తయారు చేసిన గొంతు. నీ దగ్గర రుజువేముంది?"

పిన్నీ, ఆయన అంటుంటే ఒక్క క్షణం నాకూ అలాగే అనిపించింది. సామాన్ల గది, కోట్లు, మూడు రోజులు, అన్నీ నేను కల్పించుకున్నానేమోనని. రుజువు లేదు. నేను ఉన్నానన్నదానికే రుజువు లేదు.

గంట

తా.క. వెళ్లేటప్పుడు మంచినీళ్లు అడిగారు. ఇచ్చాను. దాహానికి నీళ్లు లేవని ఎవరైనా ఫిర్యాదు చేస్తారని.

•

చిరంజీవి గంటమ్మకు,

పిన్ని దీవించి, కొంచెం గర్వపడి రాస్తున్నది. నెల రోజులు జవాబు లేదని అలిగి ఉంటావు. పని ఉంది మరి.

రుజువు లేదన్నావు. నువ్వు టైపు చేసిన జవాబు నకలు నాకొచ్చిందే పిచ్చిదానా! ఆ గొంతు నీదని, నువ్వు ఇంజనీరువని, ఆ ప్రోగ్రాము మొదటినుంచి చివరిదాకా నీదేనని, కింద మీ పెద్దాయన సంతకం, సంస్థ ముద్ర, తేదీ. వకీలమ్మ దాన్ని చూసి మెట్ల మీదే కూర్చుండిపోయింది. సంస్థకు ఒకటి, రెండు వందల ఆఫీసులకు తలా ఒకటి నకళ్లు పంపింది. ఇరవై రెండో రోజున నీ గొంతు తీసేస్తామని రాసిచ్చారు. ఉద్యోగం తిరిగిస్తామని మాత్రం రాయలేదు. రాస్తారనుకోలేదు కూడా. నాకొచ్చిన ఆ జవాబు కాగితాన్నే నీకు పంపుతున్నాను. ఈసారి ఎవరైనా పదకొండేళ్లు ఏం చేశావని అడిగితే ఇది బల్ల మీద పెట్టు.

నిన్న ఆస్పత్రికి వెళ్లాను. పెట్టెలో మగగొంతు. వేరేవాళ్ల చేత చదివిస్తే కాగితం రాసివ్వాలని భయపడి, మీ కొత్త పెద్ద తనే చదివినట్టున్నాడు. "అంటే ఏంటంటే, నలభై రెండో నంబరు..." అంటున్నాడు. ఒక్కరు లేస్తే ఒట్టు. ఎవరో ఎవరితోనో మాట్లాడుకుంటున్నారనుకున్నారు. చివరికి ఆ నర్సు గుమ్మంలో నిలబడి నంబర్లు అరిచి పిలవడం మొదలెట్టింది. అప్పుడందరూ కదిలారు. మధ్యాహ్నానికి ఆ పిల్ల గొంతు బొంగురుపోయింది. నీళ్లిచ్చి "నీ పేరేమిటమ్మా?" అన్నాను. "డ్యూటీలో పేరు చెప్పకూడదు పెద్దమ్మా, మూడో గది నర్సు అంటే చాలు" అంది. నాకు నవ్వు రాలేదే గంటా. గెలిచి వచ్చినదాన్ని ఆ హాల్లోనే ఏడుస్తూ కూర్చున్నాను. కళ్లకి మందు వేశారనుకున్నారు అందరూ.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. మొదటిరోజు నిజంగానే పొరపడి లేచాను. కానీ గడియారం పెట్టుకుని కూర్చున్న రోజున సాయంత్రం లోపే తెలిసిపోయింది, మిషనేనని. ఎనిమిది వచ్చిన ప్రతిసారీ అదే జీర, అంతే జీర. బతికున్న గొంతు ఒక మాటను రెండుసార్లు ఒకేలా పలకదు. మరి ఫిర్యాదు ఎందుకు రాశానంటావా? ఆఫీసులు మనిషికి జవాబివ్వవు, ఫిర్యాదుకి ఇస్తాయి. నా పేరు ఏ కాగితం మీదా ఎక్కలేదు. నీదైనా ఒక్కదాని మీద ఎక్కించాలనుకున్నాను. నీకు ముందే చెబితే నువ్వు ఆ జవాబును భయపడుతూ మర్యాదగా టైపు చేసేదానివి. నిన్ను మీటింగులో నవ్వులపాలు చేశాను, అందుకు క్షమించు.

మళ్లీ తా.క. నా కన్ను బాగై మూడు నెలలైంది. అయినా వారం వారం ఆస్పత్రికి ఎందుకు వెళ్లేదాన్నో నీకిప్పటికి అర్థమై ఉండాలి. ఇప్పుడు నువ్వు అక్కడా లేవు, కరెంటు ఆఫీసులో లేవు, బస్టాండులో లేవు. నా చేతులతో నేనే తీయించేశాను. అందుకని ఒట్టు గట్టున పెట్టి ఒక ఫోను కొన్నాను. నంబరు వెనక రాశాను. ఎడమ చెవి ఇంకా పనిచేస్తోంది. చేసినప్పుడు ముందు ఆ నంబరు నాకు పైకి చదివి వినిపించు. మూడు ఎనిమిదులున్నది ఏరి మరీ తీసుకున్నాను.